పోశవ్వ పొయ్యి ఢిల్లీకి పోయిన సంగతి

వరంగల్ కొత్తవాడలో ఆ రోజుల్లో మగ్గం లేని ఇంటిని చూపించమంటే చూపించేవాడు చిక్కడు. తెల్లవారింది మొదలు ఒకటే మోత. అన్ని మగ్గాల మీదా షత్రంజీలే. షత్రంజీ అంటే మరేం కాదు, తివాచీకి చెల్లెలు. అక్క ఉన్నితో కులికితే చెల్లెలు నూలుతో సరిపెట్టుకుంటుంది. అక్క దొరల ఇళ్ళల్లో ముడుచుకొని కూర్చుంటే చెల్లెలు పెళ్ళిపందిట్లో, బళ్ళో, భజన జరిగేచోట పదిమందిని కూర్చోబెట్టుకుంటుంది. ఆ చెల్లెలికి రంగు అద్దేది పోశవ్వ. చేనేత సొసైటీ వాళ్ళ రంగుల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఆమెదే రాజ్యం. వాడలో ఏ మగ్గం మీద ఎర్రదారం కనిపించినా అది ఒకనాడు ఆమె గంగాళంలో మునిగి లేచిందే.

మోచేతుల దాకా రంగు ఎప్పుడూ ఉండేది. పెళ్ళికి పోయినా ఆ చేతులతోనే పోయేది. ఎవరైనా అదోలా చూస్తే, “నాకు గోరింటాకు ఖర్సు తప్పింది, నీకెందుకు బాధ?” అనేది. మాట అంత మెత్తనిది కాదు. ఉత్తరం చదవడం రాదు, సంతకం పెట్టమంటే వేలు చాపేది. కానీ మంట విషయం వచ్చిందంటే ఆమె ముందు ఎవరూ నోరెత్తేవారు కాదు. ఏ కట్టె ఎంతసేపు మండుతుంది, గంగాళం మీద గోనెసంచి కప్పితే నీళ్ళు ఎప్పటిదాకా వేడి పట్టుకుంటాయి, పొయ్యికి గాలి ఎటునుంచి అందాలి, పొగ ఎటు పోవాలి, ఇవన్నీ ఆమెకు కొట్టిన పిండి.

ఆమె భర్త నర్సింగం. షత్రంజీ నడుమ ఎనిమిది రేకుల పువ్వును పొల్లుపోకుండా తేల్చే నేతగాళ్ళు అప్పటికి సొసైటీలో ఇద్దరు మిగిలారు. ఒకాయనకు చూపు పోయింది. రెండోవాడు నర్సింగం. దేవుడు చేతులకు ఇచ్చిన బలం ఆయన ఛాతీకి ఇవ్వలేదు. చలి ముదిరితే చాలు ఆయాసం, పిల్లికూతలు. కార్తీకం దాటిందంటే పోశవ్వ ఆయన పక్కన పడుకొని ఆ కూతలు వింటూ తెల్లవార్చేది.

అట్లాంటి మనిషిని ఎనభై ఒకటి డిసెంబరులో ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు పంపారు. అక్కడ మగ్గం వేసి పదిమంది ముందు నేసి చూపించాలి. పగలు బాగానే ఉంది. రాత్రి పడుకోవడానికి గుడారం. తొమ్మిదో రోజున జ్వరం, ఆ వెంటనే నిమోనియా. షత్రంజీ సగంలో ఉండగా నర్సింగాన్ని మగ్గం మీదినుంచి దింపి దవాఖానకు తీసుకుపోయారు. కాజీపేట స్టేషన్లో ఇద్దరు మనుషులు చెరో రెక్క పట్టి రైలు దింపుతుంటే పోశవ్వ ముందు ఆనవాలు పట్టలేదు, ఎవరో ముసలాయన అనుకుంది.

ఉగాదికి గానీ లేచి తిరగలేదు. లేచాక ఆయన్ని జ్వరంకన్నా ఎక్కువగా పీడించింది ఆ సగం షత్రంజీ. సగంలో మగ్గం దిగడమంటే నేతగాడికి ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకొని కిందపెట్టడమే. వాడలో ఎవరూ ఒక్కమాట అనలేదు. అనకపోవడమే ఆయనకు మరీ కష్టంగా ఉండేది.

మరుసటి ఏడు ఢిల్లీ నుంచి మళ్ళీ పిలుపొచ్చింది. పువ్వు నేసే ఆ మనిషినే పంపమని రాశారు. దవాఖాన డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, “రాత్రి పూట చలిలో పడుకుంటే ఈసారి తీసుకుపోవడమే గానీ తీసుకురావడం ఉండదు” అని కచ్చితంగా చెప్పాడు. ఇంటికి వచ్చాక నర్సింగం గోడకు ఆనుకొని, “పోత. ఏదైతె గది అయితది. ఒక్కటన్న పూర్తి చేసి సస్త” అన్నాడు.

“సస్తె షత్రంజీ నేసుడు కాదు, నీ మీద కప్పుడైతది” అంది పోశవ్వ. కోపంగానే అంది గానీ లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. పోనిస్తే మనిషి దక్కడు. పోనివ్వకపోతే ఉన్న మనిషి ఇట్లా గోడకు ఆనుకొనే ఉంటాడు. రెండూ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ ఏడు సొసైటీ సెక్రెటరీ వెంకట్రాజం ఒక పాత మటడోర్ వ్యాను కొన్నాడు. అంతకుముందు అది సినిమాహాలు వాళ్ళ ప్రచారం బండి. పక్కల మీద హీరోయిన్ సగం ముఖం ఇంకా నవ్వుతూనే ఉండేది. పైకప్పు మీద లౌడ్‌స్పీకర్ బిగించిన చోట గుండ్రటి రంధ్రం. సరుకూ మనుషులూ అందులోనే ఢిల్లీ పోయి, అందులోనే పడుకొని, అందులోనే రావాలని వెంకట్రాజం ఆలోచన. డ్రైవరు సాంబమూర్తి మెకానిక్ పని కూడా తెలిసినవాడు. చెక్కలు కొట్టి మూడు పడకలు బిగించాడు. తీరా అంతా అయ్యాక అందరికీ ఒకే సందేహం. రేకు డబ్బాలో చలి గుడారంలో కంటే తక్కువుంటుందా? సొసైటీ వరండాలో పంచాయితీ పెట్టారు.

సాంబమూర్తి ముందుగా లేచాడు. “బ్యాటరీ మీద కరెంటు హీటర్ పెడ్తె తెల్లారేసరికి బ్యాటరీ కూసుంటది. మనం దిగి నూకాలె. రేడియేటర్ల నుంచి వేడినీళ్ళ పైపు లోపలికి గుంజొచ్చు, కని ఇంజన్ నడిచినంతసేపే. బండి ఆపినంక అర్ధగంటల సల్లబడ్తది. రాత్రంత డీజిల్ కాలుస్తమా? హైదరాబాద్ల మిలిట్రీ పాతసామాన్ల ఒక హీటర్ చూసిన. వాడు చెప్పిన ధరకు ఇంకో ఇంజనే వస్తది.”

“బత్తీల స్టవ్వు పెడ్దాం” అన్నాడు వెంకట్రాజం.

“కిరసనాయిలు వాసనకే నర్సింగం బావకు ఆయాసమొస్తది” అన్నాడు సాంబమూర్తి.

నర్సింగం గొంతు సవరించుకున్నాడు. “గింత పరేషాన్ ఎందుకు? కుంపట్ల నిప్పులేసి పెట్టుకుంట. బాలింతకు, పసిపిల్లకు చాలిన కుంపటి నాకు చాలదా?”

అందరూ తలలూపారు. నిజమే కదా, వాడలో పుట్టిన ప్రతివాడూ కుంపటి పక్కన పుట్టినవాడే. ఖర్చు లేదు, కొత్తగా నేర్చుకునేది లేదు. మాట ఖాయమైపోయేదే, షెడ్డులో నుంచి పోశవ్వ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడకపోతే.

“బాలింత అర్రకు సందులుంటయి. నీ డబ్బకు ఉండయి” అంది. “మా చిన్నోడు పుట్టినప్పుడు సలిగాలి రావద్దని మా అత్త తలుపు కింద గోనె కుక్కింది. పొద్దుగాల మంత్రసాని మల్లక్క వచ్చి తలుపు తీసేసరికి నాకు తెలివి లేదు, పిల్లగాడు ఏడుస్త లేడు. ఆమె జర ఆలస్యం చేస్తె ఇద్దరం గాడనే పోతుంటిమి. నిప్పు గాలి తింటది. మూసిన డబ్బల ఎవ్వరి గాలి తింటది? మీదే.”

“మరి నువ్వే చెప్పు వదినె, ఏం చేద్దాం?” అన్నాడు వెంకట్రాజం.

“వేడి మంటల ఆగది. నీళ్ళల్ల ఆగుతది. నా గంగాళం పొద్దూకి దించి గోనె కప్పితె తెల్లారి చెయ్యి పెట్టినా గోరువెచ్చగుంటది. ఇది నాకిడిసిపెట్టుండ్రి. కని ఒక్క మాట. నేను సరే అంటేనే ఈయన పోతడు. అనకుంటె పోడు. మళ్ళ సెక్రెటరీ అని, ఢిల్లీ అని నా మీదికి రావద్దు.”

నర్సింగం ఏదో అనబోయాడు. ఆమె అటు చూడనే లేదు.

షెడ్డు వెనక పాత సామాన్ల గుట్టలో ఒక రాగి బాయిలరు పడి ఉంది. స్నానాల నీళ్ళు కాచుకునేది. ఎప్పుడో ఒక దొర గడీ సామాను వేలంలో గంగాళాలతో పాటు అంటగట్టారు. కింద నిప్పు, నడుమ పొగగొట్టం, గొట్టం చుట్టూ నీళ్ళు. అడుగు కారుతుందని ఎవరూ ముట్టలేదు. పోశవ్వ దాన్ని దొర్లించుకుంటూ కంచరి వీరభద్రం కొట్టుకు తీసుకుపోయింది. ఆయన బోర్లించి, వేళ్ళతో తట్టి, “దీని పొట్టకేం కాలేదు పోశవ్వా, అడుగే పోయింది. రాగి ఇంత మందంగ ఇప్పుడెవడు పోస్తడు?” అన్నాడు. రెండు రోజుల్లో కొత్త అడుగు వేసి, పొగగొట్టాన్ని మూరెడు పొడుగు చేసి ఇచ్చాడు.

లౌడ్‌స్పీకర్ రంధ్రం పొగగొట్టానికి అతికినట్టు సరిపోయింది. బాయిలరు కింద ఇసుక తట్ట, చుట్టూ చెక్కకు సెగ తగలకుండా ఇనుప రేకు. నిప్పుకు గాలి అందడానికి బండి నేలలో నాలుగు వేళ్ళ వెడల్పు కంత కొట్టించింది. సాంబమూర్తికి కొత్తగా కొన్న బండికి కంత కొట్టడం మనసొప్పలేదు. “కొట్టు తమ్మీ. నీకు ముక్కున్నట్టె పొయ్యికి ఇది ముక్కు” అని దగ్గరుండి కొట్టించింది.

ఇక లోపలి పని వాడవాళ్ళు తీసుకున్నారు. నర్సింగం కోసమని ఒక్కో ఇంటినుంచి అమ్ముడుపోని షత్రంజీలు వచ్చాయి. బండి గోడలకు, కప్పుకు రెండేసి వరసలు కొట్టి, నడుమ పాతనూలు కూరారు. నర్సింగం ముందు నిలబడి చేయించాడు. ఎక్కడ వేలు దూరినా ఊరుకోలేదు. ఏడాది తర్వాత ఆయన గొంతులో ఆ అధికారం వినిపించేసరికి పోశవ్వ షెడ్డులో తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు ఆమె కొంప ముంచేదే.

డిసెంబరు మొదటివారం, తెల్లవారుజామున పరీక్ష పెట్టారు. బాయిలరు నిండా నీళ్ళు, కింద బొగ్గులు. లోపల పోశవ్వ, నర్సింగం, వెంకట్రాజం. బయట సాంబమూర్తి. తలుపు వేశారు. కాసేపటికి రాగి పొట్ట వేడెక్కింది. షత్రంజీ గోడల నడుమ ఆ వెచ్చదనం బొంతలాగా కమ్ముకుంది. వెంకట్రాజం కోటు విప్పేశాడు.

“వదినె, ఢిల్లీకి పోయే పనే లేదు, ఇండ్లనే కాపురం పెట్టొచ్చు” అన్నాడు.

నర్సింగం పడక మీద ఒరిగి కళ్ళు మూశాడు. ఆయాసం లేదు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఎన్నాళ్ళకో ఇంత సుఖంగా నిద్రపోతున్నాడు కదా అని పోశవ్వ చూస్తూ కూర్చుంది. తన కణతలు కొట్టుకోవడం కూడా కాసేపు పట్టించుకోలేదు. వెంకట్రాజం ఆవలించాడు. మళ్ళీ ఆవలించాడు. “తలకాయ బరువుగున్నది” అన్నాడు. అప్పుడు చూసింది నిప్పువైపు. బొగ్గులు మండటం లేదు. మగ్గుతున్నాయి. ఎర్రదనం చచ్చి, ఏడుపుమొహం పెట్టింది పొయ్యి. ఇరవై రెండేళ్ళలో ఏ పొయ్యి అయినా ఆమె ముందు అట్లా ఏడ్చిందంటే అర్థం ఒక్కటే, దానికి గాలి అందడం లేదు.

లేచి తలుపు తన్నింది. “తమ్మీ, తియ్యి!” అని అరిచింది. కాళ్ళు తేలిపోతున్నాయి. నర్సింగాన్ని లేపితే లేవలేదు. చంకల కింద చేతులు పెట్టి వెనక్కి గుంజింది. సాంబమూర్తి తలుపు తెరిచి కాళ్ళు అందుకున్నాడు. వెంకట్రాజం తూలుతూ తనే దిగాడు. చల్లగాలి తగిలాక నర్సింగం భళ్ళున వాంతి చేసుకొని, దగ్గి, కళ్ళు తెరిచాడు. అప్పటిదాకా పోశవ్వ ఆయన తల తన ఒళ్ళో పెట్టుకొని చెంపల మీద కొడుతూనే ఉంది.

సాంబమూర్తి బండి కిందికి దూరి చూశాడు. గాలికంతలో పడుగుదారం ముక్కలు. ఏదో కుక్కినట్టు కాదు, ఎలుక కూడా లాగలేనంత పొందికగా, వరస తప్పకుండా బిగించి ఉన్నాయి. అట్లా బిగించే చెయ్యి వాడలో ఒక్కటే.

“నేనే” అన్నాడు నర్సింగం, ఇంకా ఒగరుస్తూ. “గా కంతలకెల్లి సలిగాలి వస్తాంది. కంత కనవడితె నా చెయ్యి ఊకోదు పోశా.”

ఆయన చెప్పింది నిజమే. నేతగాడికి బట్టలో కంతంటే తప్పు. పుట్టినప్పటినుంచీ ఆ చేతులు నేర్చుకున్నది ఒక్కటే, సందు లేకుండా కొట్టు, ఖాళీ కనిపిస్తే కూర్చు. ఇట్లాంటి పొరపాటు కొత్తవాడ మనిషే చెయ్యగలడు.

అదేరోజు వెంకట్రాజం తేల్చేశాడు. “వద్దు వదినె. ఈసారి సరుకు ఒక్కటే పంపుదాం. అన్న ఇంట్లుంటె సాలు.” నర్సింగం ఇంటికి పోయి మళ్ళీ ఆ గోడకే ఆనుకున్నాడు.

పోశవ్వ రెండు రోజులు గంగాళంలో నూలు ముంచుతూనే ఉంది. నా చేతులతో నేనే నా మొగుణ్ణి పెట్టెలో పెట్టి మూత వేశాను అన్న మాట ఆమె గుండెలో ముల్లులాగా తిరిగింది. ఆయన నిద్రపోతున్నాడని మురిసిపోయిన నిమిషం మరీ ఎక్కువ బాధపెట్టింది. తప్పు ఆయనదని అందరూ అన్నారు. ఆమె మాత్రం అనుకోలేదు. మనుషుల స్వభావం తెలిసీ కంత లోపల పెట్టిన తనదే తప్పనుకుంది. మూడోరోజు పొద్దున రంగు గంగాళం కింద కట్టెలు ఎగదోస్తూ చటుక్కున ఆగిపోయింది. ఆ పొయ్యి నోరు షెడ్డులోకి లేదు. దొడ్లోకి ఉంది. కట్టెలు వేసేది బయటినుంచి, రంగు వేసేది లోపలినుంచి. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పనే!

చేతులు కడుక్కోకుండానే సాంబమూర్తి దగ్గరికి పోయింది. “తమ్మీ, బండి ఎనుక రేకు కొయ్యి. పొయ్యి నోరు బయటికి పెడ్దాం. నిప్పులు బయటికెల్లి ఏసుడు, బూడిద బయటికెల్లి తీసుడు. లోపల నీళ్ళ పొట్ట ఒక్కటే ఉండాలె. మీ బావ ఎన్ని కంతలు కుక్కినా నిప్పు ఊర్ల గాలి తాగి బతుకుతది.”

సాంబమూర్తి రంపం తీశాడు.

వీరభద్రం మళ్ళీ వచ్చాడు. పొయ్యికీ లోపలికీ నడుమ ఇనుపరేకు గోడ కట్టి, ప్రతి అతుకూ రివిట్లు కొట్టి, సందుల్లో సున్నం కలిపిన బంకమట్టి మెత్తాడు. పొగగొట్టం రాగి పొట్టలో నుంచి కప్పు దాటేదాకా ఒక్క అతుకు లేకుండా పోసిచ్చాడు. అయినా పోశవ్వకు తృప్తి లేదు. నిప్పుకు ఊపిరి దొరికింది సరే, మనుషులకో? కప్పు దగ్గర ఒకటి, నేల దగ్గర ఒకటి, అరచేయంత కిటికీలు రెండు కొట్టించింది. అవి ఎప్పుడూ తెరిచే ఉండాలి. అయితే తెరిచి ఉంటే ఆ చెయ్యి ఊరుకోదు కదా. దానికి ఆమె ఒక ఉపాయం చేసింది. నర్సింగం ముందు చిన్న మగ్గం పెట్టి, “గీ కిటికీలకు నువ్వే బట్ట నెయ్యి. జల్లెడ లెక్క ఉండాలె. దాంట్లకెల్లి నా వేలు కనవడాలె” అంది.

“గది నేతనా?” అన్నాడు ఆయన చీదరించుకొని.

“నేతనే. నీకు రాదంటె చెప్పు, వెంకట్రాజం బిడ్డతోని నేయిస్త.”

ఆ మాట పనిచేసింది. కూర్చున్నాడు. మొదటిది నేస్తే ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది, నీళ్ళు పోస్తే నిలిచేంత గట్టిగా. రెండోది అంతే. దారాన్ని బిగించే పలక దగ్గరికి రాగానే చెయ్యి తనంతట తనే గట్టిగా కొట్టేస్తోంది. “చెయ్యి ఇంటలేదే” అన్నాడు దీనంగా. ముప్ఫై ఏళ్ళుగా మగ్గం మీదున్న పనిమంతుడు, పసిపిల్లాడు మొదటిరోజు మగ్గమెక్కినట్టు చెమటలు కక్కుతున్నాడు. పోశవ్వ పక్కన కూర్చొని ఆయన మణికట్టు పట్టుకుంది. నాలుగోసారికి వచ్చింది జల్లెడ. నాలుగు దారాలకో సందు, సందుకో లెక్క. అందులోనూ వరస తప్పలేదు. తన చేత్తో లెక్క కట్టి నేసిన సందును నేతగాడు కుక్కడు. చచ్చినా కుక్కడు. అది ఇప్పుడు తప్పు కాదు, పనితనం.

రెండో పరీక్షకు ముందు పోశవ్వ ఒక్కతే లోపల కూర్చుంది. ఎవరు చెప్పినా వినలేదు. పొద్దుపొడుపు నుంచి మధ్యాహ్నం దాకా. ఎదురుగా ప్రమిదలో దీపం, చేతి కింద రాట్నం. గంటకోసారి సాంబమూర్తి తలుపు కొడితే లోపలినుంచి తిట్టు వినిపించాలని ఒప్పందం. ఆమె తిట్లకు కరువు రాలేదు. మధ్యాహ్నం దిగివచ్చినప్పుడు తలనొప్పి లేదు, కళ్ళల్లో మంట లేదు, దీపం నిటారుగా ఉంది. నిప్పు పూర్తిగా చల్లారాక బాయిలరుకు గోనె చుట్టి, మరునాడు పొద్దున అందరి ముందూ చెయ్యి పెట్టి చూసింది. నీళ్ళు పసిపిల్లకు పోసేంత వెచ్చగా ఉన్నాయి. ఆ తర్వాతే నర్సింగాన్ని బండి ఎక్కనిచ్చింది. మూడు పొద్దుటిపూటలు పరీక్ష పెట్టి నాలుగోనాడు వెంకట్రాజంతో, “సరే” అంది. ఆ ఒక్కమాట కోసం వాడంతా ఎదురుచూస్తున్నట్టుంది, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కూడా లేచారు.

“నువ్వు కూడ రా వదినె, పొయ్యి చూస్కుందువు” అన్నాడు వెంకట్రాజం.

“నేనొస్తె ఇక్కడ గంగాళం ఎవడు చూస్తడు? నీ సరుకుకు రంగు ఢిల్లీకెల్లి వస్తదా?” అంది. పోవాలని లేకపోలేదు. కానీ సంక్రాంతి లోపల ఇవ్వాల్సిన నూలు కుప్పలుగా ఉంది. పొయ్యి సంగతంతా సాంబమూర్తికి అప్పగించింది. బండి నడుస్తున్నప్పుడు బాయిలర్లో నీళ్ళు ఉంచకు, ఒలుకుతాయి. పడుకునే ముందు నిప్పు తీసి బయట పారబొయ్యి. కిటికీల జోలికి ఎవరు పోయినా చెయ్యి విరగ్గొట్టు, సెక్రెటరీ అయినా సరే. బండి కదిలినప్పుడు కప్పుమీద పొగగొట్టం టోపీ పెట్టుకున్నట్టు కనిపించింది. నర్సింగం ముందు సీటు కిటికీలో నుంచి చెయ్యి ఊపాడు. పోశవ్వ ఆయన్ని చూడలేదు. వెనక రేకులో తను కోయించిన పొయ్యి నోరునే చూస్తూ నిలబడింది, మలుపు తిరిగేదాకా. మనసులో మాత్రం సమ్మక్కకు మొక్కుకుంది.

పదిహేను రోజులకు ఒక కార్డు వచ్చింది. సాంబమూర్తి రాసింది. సొసైటీ గుమాస్తా చదివి వినిపించాడు. “అక్కా, ఇక్కడ సలి మనుషులు బతికేటట్టు లేదు. మన బండి కాడ పొద్దుగాల లైన్ కడ్తాన్నరు. పానిపట్టోళ్ళు, మీర్జాపూరోళ్ళు అందరు మన నీళ్ళతోనే మొఖం కడుగుతాన్నరు. ఒక సర్దార్జీ బాయిలర్ బొమ్మ గీసుకొని పోయిండు. ఎవరు చేసిన్రంటే మా అక్క అని చెప్పిన. జాగ అయిపోయింది.”

“ఆయన సంగతో?” అంది పోశవ్వ.

గుమాస్తా కార్డు అటూ ఇటూ తిప్పాడు. “గింతే ఉన్నది.”

“వీని బాయిలర్ పాడుగాను!” అని లేచింది. తన బాయిలర్నే తిడుతున్నానని ఆ కోపంలో తోచలేదు. ఊళ్ళో అందరూ సర్దార్జీ గురించి చెప్పుకొని మురిసిపోయారు. ఆమెకు మాత్రం అన్నం సయించలేదు. ఇంత పొడుగు కార్డులో ఆయన పేరు ఎందుకు లేదు? చెప్పడానికి మంచి లేకనా? పోయిన ఏడు తొమ్మిదో రోజునే పడ్డాడు. రోజూ రాత్రి పక్కన ఎవరూ లేకపోయినా ఆ పిల్లికూతలు చెవిలో వినిపించేవి.

జనవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం, ఎర్రరంగు గంగాళంలో నూలుచిలపలు ముంచుతుండగా వినిపించింది.

“పోశా! ఓ పోశా!”

ఆమె చేతిలో చిలప జారిపోయింది. ఏడాదికి పైగా నర్సింగానికి వీధిలో నుంచి పిలిచే ఊపిరి లేదు. ఆమె కావాలంటే మగ్గం పలకను రెండుసార్లు తట్టేవాడు, ఆమె లేచి పోయేది. ఆ గొంతు ఎట్లా ఉంటుందో కూడా ఆమె మర్చిపోయింది. ఇప్పుడు నాలుగిళ్ళ అవతలినుంచి, మగ్గాల మోతను దాటుకొని, ఆ గొంతు వచ్చింది. బండి ఇంకా మలుపులోనే ఉంది.

షెడ్డులో నుంచి బయటికి వచ్చింది. పరుగెత్తాలని ఉంది, కాళ్ళు మాత్రం మెల్లగా నడిచాయి. ఇంటింటి ముందూ జనం. బండి ఆగింది. ఎవరూ రెక్క పట్టలేదు. నర్సింగం తనే దిగాడు, భుజం మీద చుట్టిన షత్రంజీతో. దించి వీధిలోనే దొర్లించాడు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా నేసి, అంచు కట్టిన షత్రంజీ. నడుమ ఎనిమిది రేకుల పువ్వు, ఆమె అద్దిన ఎరుపు. “చూడు వదినె, పూర్తి చేసిండు! మొదటి వరసల నిలబెట్టిన్రు మన స్టాల్‌ను!” అంటున్నాడు వెంకట్రాజం. పోశవ్వ పువ్వును చూడలేదు. నేరుగా మొగుడి దగ్గరికి పోయి, వీధి వీధంతా చూస్తుండగా, ఆయన ఛాతీకి చెవి ఆనించింది. తెల్ల అంగీ మీద రెండు ఎర్రటి చేతులు పడ్డాయి. ఎవరూ నవ్వలేదు. ఆమె కళ్ళు మూసుకొని చాలాసేపు విన్నది. ఊపిరి వస్తోంది, పోతోంది. ఏ కూతా లేదు.

“ఏందే, అందరు చూస్తాన్నరు” అన్నాడు ఆయన సిగ్గుగా.

“చూడనియ్యి” అంది పోశవ్వ తల ఎత్తకుండానే. “మల్లొక్కసారి పిలువు.”

నర్సింగం నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది లోపలికి పోవడం ఆమెకు చెవి కింద వినిపించింది. తర్వాత పిలిచాడు. వాడలో ఉన్న మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి.